ఆ బోల్టు ఎంత బిగించాలో చెప్పించండి

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,



నేను తెనాలిలో ఉండే హైస్కూలు ఫిజికల్ సైన్స్ టీచర్ని. సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు మా ఇంటి ముందు పోర్టికోలో, పదకొండేళ్ల నాటి మా కారు వెనక భాగం పైకెత్తి, పాత షాకబ్జర్లు, స్ప్రింగులు విప్పేసి, బజార్లో కొన్న కొత్తవి నా చేత్తో నేనే బిగించుకున్నాను. అవి కారు కంపెనీ సామాను కాదు. బయటి కంపెనీవి. ఇది నేరమో కాదో నాకు తెలియదు. తెలుసుకుందామని చట్టం చదివాను. చదివాక అనుమానం ఇంకాస్త పెరిగింది. ఈ ఉత్తరం సగం ఆ అనుమానం గురించి. మిగతా సగం ఒక బోల్టు గురించి.

ముందు బండి సంగతి చెబుతాను. మీటరు లక్ష కిలోమీటర్లు దాటి చాలా కాలమైంది. నలుగురం ఎక్కి, అత్తగారి ఊరు నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా డిక్కీలో వేశామంటే వెనక భాగం అలసిన గేదెలా కూలబడేది. రాత్రిపూట ప్రయాణమైతే ఎదురొచ్చే ప్రతివాడూ నాకు లైట్లు కొట్టి తిట్టుకుంటూ పోయేవాడు. నేనేమో డిమ్ములోనే ఉండేవాణ్ని. వెనక కుంగితే ముందు ముక్కు పైకి లేస్తుంది, డిమ్ము లైటు కూడా ఎదుటివాడి కళ్లలోకే పోతుంది. ఈ ముక్క అర్థమవడానికి సైన్సు చెప్పుకునే నాకే రెండు నెలలు పట్టింది.

డిక్కీ మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలితే, షాకబ్జర్లు బాగున్న బండి ఒకసారి లేచి సర్దుకుంటుంది. మాది ఉయ్యాలలా నాలుగు ఊపులు ఊగింది. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూ పోకుండా పట్టుకునేది షాకబ్జరు. దాని గొట్టంలో నూనె ఉంటుంది, ఆ నూనెలో సన్న కన్నాలున్న పిస్టను కదులుతుంది. ఊపులో ఉన్న శక్తంతా ఆ కన్నాల గుండా నూనెను తోసీ తోసీ వేడిగా మారి పోతుంది. లోపలి సీలు అరిగి నూనె కారిపోతే ఊపును ఆపేవాడు ఉండడు. అప్పుడు టైరు గతుకు గతుక్కీ రోడ్డును వదిలేస్తుంది. వదిలిన ఆ క్షణంలో బ్రేకు నొక్కినా నొక్కనట్టే. కాబట్టి షాకబ్జరును కుదుపు తగలకుండా చూసే సుఖం సామాను అనుకోవడం పొరపాటు. బ్రేకు ఎంతో అదీ అంతే.

అవి అంత త్వరగా ఎందుకు చచ్చాయంటే, మంత్రి గారూ, అందులో మీ రోడ్లకూ వాటా ఉంది. మీ శాఖతో కలిసి పనిచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకరు ఎలా ఉండాలో కొలతలతో సహా రాసిపెట్టింది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా 17 మీటర్ల వ్యాసార్థంతో వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే చాపలా పరుచుకున్న మెత్తటి వంపు. మా బడికి వెళ్లే దారిలో ఉన్నదాన్ని ఓ సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. ఎత్తు సుమారు జానెడు, వెడల్పు రెండడుగులు కూడా లేదు. రోడ్డుకు అడ్డంగా గోడ కడుతూ మధ్యలో ఆపేసినట్టు ఉంటుంది. అలాంటివి మా ఇంటికీ బడికీ మధ్య ఏడున్నాయి. రోజుకు పద్నాలుగు సార్లు నా బండి వెనక కాళ్లు ఆ గోడలెక్కి దిగుతాయి.

షోరూము వాళ్ల దగ్గరకు వెళ్లకుండా నేనే ఎందుకు దిగానంటారా? అంచనా చీటీలో అంకె పెద్దదే, కానీ అసలు కారణం అది కాదు. మా నాన్న. ఆయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫయ్యేళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి. డెబ్భై ఆరేళ్లొచ్చాయి. చేతులు వణుకుతాయి, నోరు వణకదు. "నేను బతికుండగా ఒక్క పనైనా నేర్చుకో" అన్నారు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పడం, నేను చేయడం అని ఒప్పందం.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. మీరెప్పుడైనా చూశారో లేదో. లారీ కమాన్ కట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి, పక్కనే కారు స్ప్రింగులు తాటికాయ గెలల్లా వేలాడుతుంటాయి. నేను కారు పేరు, సంవత్సరం చెప్పగానే కొట్టతను ఒక్కటే అడిగాడు: "ఒరిజినలా, లోకలా, హెవీ డ్యూటీనా?" ఈ మూడింటికీ తేడా ఏమిటంటే ధర చెప్పాడు. తర్వాత నా మీద జాలిపడి, స్ప్రింగు చుట్ల మధ్యలో దూర్చే రబ్బరు బఫరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, స్ప్రింగులు మార్చడమెందుకు? ఇది పెట్టేయండి. పది నిమిషాల పని. బండి అంగుళం లేస్తుంది. రోజుకు ఎన్ని పోతాయో తెలుసా?"

పోతాయని నాకూ తెలుసు. మా టీచర్ల కార్లలోనే మూడింటికి ఉన్నాయి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు బిగించుకున్నవాళ్లయితే తప్పనిసరిగా పెట్టిస్తారు, ఎందుకంటే ఆ సిలిండరు ఓ మనిషి బరువుతో రాత్రింబవళ్లు వెనకాలే కూర్చుని ఉంటుంది. అయితే ఆ రబ్బరు ముక్క చేసే పని వేరే ఉంది. చుట్ల మధ్య ఇరుక్కుని అది కొన్ని చుట్లను కదలనివ్వదు. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. ఎనిమిది చుట్లు మోసే ఊపును ఆరు చుట్లు మోయాలి. స్ప్రింగు గట్టిపడింది కానీ దాన్ని పట్టుకోవలసిన షాకబ్జరు మాత్రం పాతదే, పాత స్ప్రింగుకు లెక్కగట్టి చేసిందే. దాంతో బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది.

ఇంకో సంగతి నాన్న చెప్పారు. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకు ఒక కడ్డీతో బ్రేకు వాల్వు తగిలించి ఉంటుంది. వెనక కుంగితే బరువుందని లెక్కగట్టి ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. లేచి ఉంటే ఖాళీ బండి అనుకుని తగ్గిస్తుంది. అలాంటి బండిని స్ప్రింగులతోనో బఫర్లతోనో పైకెత్తి, ఆ కడ్డీని సరిచేయకుండా వదిలేస్తే, నిండా జనం ఎక్కినా వాల్వు మాత్రం ఖాళీ బండే అనుకుంటుంది. ఈ మాట ఏ బఫరు ప్యాకెట్టు మీదా నాకు కనిపించలేదు.

చివరికి పేరున్న తయారీ అని నమ్మి ఒక జత స్ప్రింగులు, ఒక జత షాకబ్జర్లు కొన్నాను. జతే కొనాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెడితే బండి కుంటుతుంది. డబ్బా మీద కారు పేరుంది, మెరిసే హోలోగ్రాం స్టిక్కరుంది. ఎంత బరువుకు పనికొస్తుందో, పాతదాని కంటే ఎంత ఎత్తు లేపుతుందో, ఏ బోల్టు ఎంత బిగించాలో లేదు. లోపల కాగితం ముక్క కూడా లేదు. ప్రెషర్ కుక్కర్ కొంటే పుస్తకమిస్తారండీ. నలుగురి ప్రాణాలు మోసే సామానుకు చీటీ కూడా లేదు.

ఇక పని. ముందే చెబుతున్నాను, మా కారు వెనక అమరిక ఇలాంటి పనికి అనువైనది. స్ప్రింగు వేరుగా, షాకబ్జరు వేరుగా ఉంటాయి. ఇరుసును కిందికి దించితే స్ప్రింగు చేతికే వచ్చేస్తుంది. ముందు చక్రాల దగ్గర సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి, స్ప్రింగు అణచిపెట్టి ఉంటుంది. దాని పై నట్టు ఊడదీస్తే మొహం పగిలిపోతుంది. అక్కడ చేయి పెట్టొద్దని నాన్న ముందే ఒట్టు వేయించుకున్నారు.

మొదటి తప్పు మొదటి అయిదు నిమిషాల్లోనే చేశాను. హ్యాండ్‌బ్రేకు పైకి లాగి, జాకీ పెట్టి వెనక భాగం ఎత్తడం మొదలెట్టాను.

"ఆగరా" అన్నారు నాన్న. "హ్యాండ్‌బ్రేకు ఏ చక్రాలకు?"

"వెనక చక్రాలకు."

"నువ్వు గాల్లోకి ఎత్తేది ఏ చక్రాలని?"

ఒళ్లు జల్లుమంది. వెనక చక్రాలు నేల వదిలాక హ్యాండ్‌బ్రేకు ఉన్నా లేనట్టే. బండిని ఆపేది ఏమీ లేదు, ముందు చక్రాల మీద దొర్లిపోగలదు. మా పోర్టికో వీధి వైపుకు కొంచెం వాలుగా ఉంటుంది కూడా. దించేసి, మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు కొట్టి, మళ్లీ ఎత్తాను. జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా రెండు పక్కలా ఇనప స్టాండ్లు దించి బరువు వాటి మీదకు చేర్చాను. "జాకీ ఎత్తడానికి, స్టాండు ఉంచడానికి. జాకీ మీదే బండిని వదిలి కింద దూరినవాళ్లను ఇద్దర్ని చూశాను. ఒకడు ఇప్పుడు లేడు" అన్నారు నాన్న. ఇంకేమీ చెప్పలేదు.

షాకబ్జరు కింది బోల్టు పదకొండేళ్ల తుప్పుతో పట్టుకుని ఉంది. ముందు రోజు రాత్రే నూనె పోసి నానబెట్టాం. అయినా పానాకు గొట్టం తొడిగి లాగితే తప్ప కదల్లేదు, కదిలినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడైంది. అది విప్పే ముందు ఇరుసు కింద జాకీ ఆనించి పెట్టాలి. చక్రాలు వేలాడుతున్నప్పుడు ఇరుసును ఇంకా కిందికి జారకుండా ఆపేది ఆ షాకబ్జరే. దాన్ని హఠాత్తుగా వదిలేస్తే ఇరుసు దిగబడి, బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టాన్ని లాగి తెంపుతుంది. డిక్కీ లోపలి తొడుగు తీస్తే రబ్బరు మూత కింద పై నట్టు దొరికింది. నట్టు తిప్పితే దాంతో పాటు లోపలి కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీ కొసను చిన్న పానాతో పట్టుకుని నట్టును విప్పాలి, అదే పద్ధతిలో కొత్తది బిగించాలి. కొత్తదాని మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టుకున్నామా, గీత పడుతుంది. ఆ గీత సీలును కోస్తుంది. నెల తిరక్కుండా నూనె కారుతుంది.

కొత్త స్ప్రింగు కొస కింద గూట్లో ఉన్న మెట్టుకు సరిగ్గా ఆనిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాను. పాత దుమ్ము తొడుగు చిరిగి ఉంటే కొత్తది వేశాను. మధ్యాహ్నం మూడింటికి అన్నీ చోట్ల కూర్చున్నాయి. కింది బోల్టు బిగించబోతే నాన్న మళ్లీ "ఆగు" అన్నారు.

"బరువు మీద బిగించాలి."

షాకబ్జరు కింది చెవిలో రబ్బరు బుష్ ఉంటుంది. దాని మధ్యలో ఇనప గొట్టం, ఆ గొట్టం లోంచి బోల్టు. బోల్టు బిగిస్తే గొట్టం కదలకుండా పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఇరుసు లేచినా దిగినా రబ్బరే మెలిదిరుగుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగించేస్తే రబ్బరుకు అదే మామూలు స్థితి అయిపోతుంది. బండి దించగానే అది మెలిపడి, బండి నిలబడి ఉన్నా మెలిపడే ఉంటుంది. పిల్లాడి చెవి మెలేసి అలాగే పట్టుకుని ఊరంతా తిప్పినట్టు. ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. అందుకని బోల్టును వేళ్లతో వదులుగా పెట్టి, చక్రాల కింద మందపాటి చెక్క పలకలు పరిచి, బండిని వాటి మీదకు దించి, నాలుగుసార్లు ఊపి సర్దుకోనిచ్చి, అప్పుడు పక్క నుంచి చేయి దూర్చి బిగించాలి. పాతికేళ్లుగా పిల్లలకు టార్క్ పాఠం చెబుతున్నాను. పాఠంలో లేని ముక్క ఇది.

ఎంత బిగించాలి? ఇక్కడే, మంత్రి గారూ, నా పని ఆగిపోయింది.

బోల్టు వదులైతే కటకటలాడి చివరికి తెగుతుంది. మరీ బిగిస్తే సాగి, మర చెడి, అప్పుడూ తెగుతుంది. మధ్యలో సరైన అంకె ఒకటుంటుంది. మీటరు పొడవు పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో అది దాదాపు వంద న్యూటన్ మీటర్లు. ఆ అంకె చూపించే టార్క్ రెంచ్ బడి ల్యాబు కోసం కొన్నది నా దగ్గరుంది. అంకే లేదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చక్రాల నట్లకు అంకె ఉంది, షాకబ్జరు బోల్టుకు లేదు. సర్వీసు సెంటరు కౌంటరులో అడిగితే "అది మా లోపలి సమాచారం సార్, బయటకివ్వకూడదు" అన్నాడా అబ్బాయి. మర్యాదగానే అన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే అదే బండికి, అదే బోల్టుకు రెండు అంకెలు దొరికాయి. ఒకటి రెండోదానికి ఒకటిన్నర రెట్లు. ఏది నిజమో చెప్పే దిక్కు లేదు.

నాన్నకు ఇది వింతగా తోచింది. వాళ్ల గ్యారేజీ గోడ మీద ఏ బోల్టుకు ఎంత అన్న పట్టిక పెయింటుతో రాసి ఉండేదట. హెల్పరుగా చేరినవాడు మొదటి నెలలో అది కంఠతా పట్టాలట. "దాచుకోవడానికి అదేమన్నా మంత్రమా?" అన్నారు.

మంత్రం కాదని మన దేశంలోనే పెద్దలు ఎప్పుడో తేల్చారు. విడిభాగాలు, పరికరాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు, కోర్టులు నడిచాయి. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో దానికో పోర్టల్ కూడా తెరిచారు. దారి తెరిచినందుకు సంతోషమే. కానీ నా బోల్టు అంకె దాకా ఆ దారి ఇంకా రాలేదు. ఆ శాఖ మీది కాదని తెలుసు. అయితే బండి నమూనాను ఆమోదించి రోడ్డు మీదకు వదిలే నియమాలు మీవి. ఆమోదానికి వచ్చే కంపెనీని అదనంగా ఒక కాగితం అడిగే అధికారం కూడా మీ చేతిలోదే.

బయటి దేశాల్లో ఇదేమీ విడ్డూరం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి మరీ కార్ల రిపేరు హక్కును చట్టం చేసుకున్నారు. యూరప్‌లో 2007 నాటి నిబంధనే బయటి రిపేరుదార్లకు సమాచారం అందుబాటులో ఉంచాలంది. ఇంగ్లండులో ఒకాయన 1966 నుంచి కార్లను నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగిస్తూ, ఆ పద్ధతినంతా ఇంట్లో పనిచేసుకునేవాళ్ల కోసం పుస్తకాలుగా అచ్చు వేశాడు. హేన్స్ మాన్యువల్ అంటే అక్కడ తెలియనివాళ్లు తక్కువ. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు వాళ్ల ఊరి లైబ్రరీ కార్డుతో తన కారు రిపేరు పుస్తకాన్ని ఇంట్లోనే కంప్యూటరులో తెరిచి చూపించాడు. తెనాలిలో పుట్టిన పిల్లాడికి అక్కడ ఊరికే దొరికే అంకె, తెనాలిలోనే ఉన్న నాకు దొరకదు.

ఇప్పుడు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మంచిదే. డబ్బాలాంటి సైలెన్సర్లు, లారీ టైర్లు తగిలించుకుని ఊరిని హడలగొట్టేవాళ్లకు అలాంటిది ఉండాల్సిందే. కానీ 'మార్పు' అంటే ఏమిటని చూస్తే, బండి నిర్మాణం మారి దానివల్ల మౌలిక లక్షణం మారడం అని ఉంది. అరిగిన షాకబ్జరు తీసి అదే కొలతది బయటి కంపెనీది వేస్తే అది రిపేరా, మార్పా? రిపేరే అనుకుందాం. స్ప్రింగు అర అంగుళం ఎత్తుదైతే? ఆ రబ్బరు బఫరు పెడితే? వేరు వేరు ఆఫీసుల్లో పనిచేసే ఇద్దరు అధికారులను నేనే అడిగాను, రెండు జవాబులొచ్చాయి. ఇన్సూరెన్సు ఏజెంటు మూడో జవాబు చెప్పాడు.

మీ అధికారులు ఒక మాట అనొచ్చు. అంకెలు బయటపెడితే ప్రతివాడూ ఇంట్లో కారు ఎత్తి కింద దూరతాడు, ప్రాణాలు పోతాయి అని. ఆ భయం ఉత్తిది కాదు. హ్యాండ్‌బ్రేకు దగ్గర నేనే ఎలా తప్పించుకున్నానో పైన రాశాను. కానీ దాచిపెట్టినందువల్ల పని ఆగడం లేదు, గుడ్డిగా జరుగుతోంది. పైగా అసలు సంగతి నాలాంటివాళ్లది కాదు. నేను చేసింది ఒక్క బండి. మా వీధి చివర షెడ్డులో ఉన్న కుర్రాడు వారానికి ఎన్ని బండ్ల షాకబ్జర్లు మారుస్తాడో లెక్కలేదు. ఈ దేశంలో వారంటీ దాటిన బండ్లను ఎక్కువగా బతికిస్తున్నది అలాంటి షెడ్లే. ప్రైవేటు కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చేది మీ చట్టమే. ఆ 15 ఏళ్లలో మా రోడ్ల మీద షాకబ్జర్లు ఒక్కసారైనా మారక తప్పదు, మారేది చాలావరకు అక్కడే.

ఆ షెడ్డు కుర్రాణ్ని అడిగాను, ఏ అంకెకు బిగిస్తావని.

"అంకెలెందుకు సార్, చెయ్యి చెబుతుంది" అని నవ్వాడు.

నేను రెంచ్ చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, టక్కుమన్నప్పుడు చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ లాగి చూశాడు. అది తిరిగి తీసుకుని నేను వెళ్లబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"సార్, ఆ అంకెలు ఎక్కడ దొరుకుతాయి?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నాను. అడిగేవి మూడే.

ఒకటి. ఈ దేశంలో అమ్మే ప్రతి కారుకూ బ్రేకులు, స్టీరింగు, చక్రాలు, సస్పెన్షన్ బోల్టులు ఎంత బిగించాలో, ఏవి బరువు మీద బిగించాలో, ఏవి ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదో ఒక పట్టికలో రాసి కంపెనీలు అందరికీ కనబడేలా పెట్టాలి. ఇంజను రహస్యాలు, కంప్యూటరు తాళాలు అడగడం లేదు. గోడ మీద పెయింటుతో రాసే పట్టిక అడుగుతున్నాను. తెలుగులో కూడా ఉంటే మా కుర్రాడు చదువుకుంటాడు.

రెండు. షాకబ్జరు, స్ప్రింగు, బఫరు లాంటివి అమ్మే ప్రతి డబ్బా మీదా ఏ బండికి, ఎంత బరువుకు, ఎత్తు ఎంత మారుతుంది, హెడ్‌లైటు, బ్రేకు వాల్వు మళ్లీ సరిచూసుకోవాలా వద్దా అన్నవి రాయించాలి. హెల్మెట్ కొంటే ఐఎస్ఐ గుర్తు వెతుక్కోమని నేర్పారు. దీనికి కూడా వెతుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

మూడు. రిపేరుకూ మార్పుకూ మధ్య గీత సెంటీమీటర్లలో గీయించండి. ఎంత ఎత్తు దాకా సరే, ఏది దాటితే ఆర్టీవో అనుమతి కావాలి అని ఒక పేజీ రాయిస్తే, అధికారికీ తేలిక, మాకూ తేలిక.

ఇవి కుదిరితే, నాలుగోదిగా, మా బడి దారిలో ఉన్న ఆ ఏడు గోడల సంగతి కూడా చూడండి. దానికి కొత్త నిబంధన అక్కర్లేదు, ఉన్నది అమలైతే చాలు.

చివరికి నా బోల్టు ఏమైందో చెప్పి ముగిస్తాను. దొరికిన రెండు అంకెలకూ మధ్యలో ఒకటి ఎంచుకుని దానికి బిగించాను. మా పిల్లలు పరీక్షలో ఇలా జవాబు రాస్తే సున్నా వేస్తాను. బిగించాక నాన్న లేచి వచ్చి, వణికే చేత్తోనే, నట్టు మీద నుంచి పక్క ఇనుము దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీశారు. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. గ్యారేజీలో అలాగే చేసేవాళ్లట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వంగి చూస్తున్నాను. గీత చెక్కుచెదరలేదు. బండి ఇప్పుడు బస్తా వేసినా కూలబడటం లేదు, ఎదురొచ్చేవాళ్లు తిట్టడం లేదు.

అయితే ఆ గీత నట్టు కదల్లేదని మాత్రమే చెబుతుంది. సరిగ్గా బిగించానని చెప్పదు. అది చెప్పగలిగినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల చేత మీరు చెప్పించాలి.

ఇట్లు,
మీ రోడ్ల మీద రోజుకు పద్నాలుగు సార్లు ఎగిరిపడే
ఒక కారు యజమాని,
తెనాలి.